మా తమ్ముడికి టీఎంఎస్ చేయించవచ్చా?

రెండు రకాల మందులు వాడినా మీ తమ్ముడికి కుంగుబాటు తగ్గలేదని, డాక్టరు టీఎంఎస్ అనే మెదడు చికిత్స చేయించమన్నారని రాశారు. అది కరెంటు షాకేనా, రోడ్డు ప్రమాదం తాలూకు పీడకలలు కూడా పోతాయా అని అడిగారు. మాది తిరుపతి. రెండేళ్ళ కిందట చెన్నైలో నేను ఈ చికిత్స చేయించుకున్నాను.

షాకు కాదండీ. ఇది తలకు ఆనించిన పరికరంతో, అయస్కాంత శక్తితో మెదడును ప్రేరేపించేది. మత్తు ఇవ్వరు, స్పృహ పోదు. గుండు చేయించాలేమోనని మా అమ్మ బెంగపడింది. అదీ అక్కరలేదు, కమ్మలు, జడపిన్నులు తీయించారంతే. మొదటి రోజు ఆ పరికరాన్ని తలకు ఎడమవైపు ఆనించి అటూ ఇటూ జరుపుతుంటే నా కుడిచేతి బొటనవేలు దానంతట అదే ఎగిరింది. ఎవరికి ఎంత బలం చాలుతుందో అలా చూసి నిర్ణయిస్తారట. తర్వాత దాన్ని కాస్త నుదుటివైపు జరిపారు. టకటకమని చప్పుడు, వరసగా మొట్టికాయలు పడుతున్నట్టు. మొదటి వారం తలనొప్పి వచ్చింది, మామూలు మాత్రతో తగ్గింది.

అసలు కష్టం రోజూ వెళ్ళడం. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. మంచం దిగడానికే ఓపిక లేని మనిషి అంత దూరం రోజూ బస్సులో తిరగలేరు. ఆసుపత్రి దగ్గరే గది తీసుకున్నాం. రెండు వారాలైనా మార్పు లేదు, మానేస్తానని ఏడ్చాను. నాలుగో వారంలో ఒక సాయంత్రం రాగిసంగటి, ఊరుబిండి చేయమని అమ్మను అడిగాను. నేను నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగి ఎనిమిది నెలలైందని అమ్మ కళ్ళు తుడుచుకుంది. మందులు మాత్రం ఇప్పటికీ వేసుకుంటున్నాను.

పీడకలల సంగతి వేరు. అమెరికాలో 2008లో దీన్ని అనుమతించింది కుంగుబాటుకే. ప్రమాదాల తర్వాత వెంటాడే భయానికి ఎంతవరకు పనికొస్తుందో ఇంకా పరిశోధిస్తున్నారు. ఆ భయానికి మొదట చేయించవలసింది, ఆ జ్ఞాపకాలను మెల్లగా ఎదుర్కొనేలా చేసే మాటల చికిత్స. రెండూ ఒకేసారి పోతాయని హామీ ఇచ్చేవారిని నమ్మకండి.

ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిందా, లోపల లోహపు ప్లేట్లు వేశారా, ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా, ఇవన్నీ డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. తమ్ముడి నోట చావు మాట వస్తే ఈ ఆరు వారాల కోసం ఆగవద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అర్ధరాత్రయినా సరే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్‌కు, ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.