పడవ పిల్లల సన్మానం గురించి

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. సంక్రాంతికి సెలవు మీద వచ్చే రోయింగ్ (తెడ్లతో పడవ తోసే పందెం) పిల్లలకు, వాళ్ళ కోచ్‌లకు, రేసుల దగ్గర పనిచేసే వాలంటీర్లకు కలిపి తిరుపతిలో సన్మానం పెడదామంటున్నావు. పెట్టు. టెన్షన్ పడేంత పనేమీ కాదు. కానీ మన దగ్గర సన్మానాలు ఎలా జరుగుతాయో నీకూ తెలుసు కదా, పిలిచేది ఆటగాళ్ళను, మాట్లాడేది అతిథులు, ఫోటోలో ముందు నిలబడేది చందా ఇచ్చినవాళ్ళు. పీడీగా (వ్యాయామ అధ్యాపకుడిగా) ఉన్నన్నాళ్ళూ ఇలాంటివి చాలా దగ్గరుండి చూశాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

ముందు ఒకటి గుర్తు పెట్టుకో, మన ఊళ్ళో ఈ ఆట గురించి దాదాపు ఎవరికీ తెలియదు. తిరుపతిలో పడవ అంటే జనానికి గుర్తొచ్చేది తెప్పోత్సవమే. ఈ ఆటకు రెండు కిలోమీటర్ల పొడవున అలల్లేని నీళ్ళు తిన్నగా ఉండాలి, అది మన చుట్టుపక్కల ఎక్కడుంది? అందుకే ఇలాంటి పిల్లలు ఎక్కువగా సైన్యంలో చేరాకే తెడ్డు పడతారు, పుణేలోని ఆర్మీ రోయింగ్ నోడ్ అనే శిక్షణ కేంద్రంలోనో, హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లోనో నేర్చుకుంటారు. కాబట్టి మైకులో 'జాతీయ పతకం' అని చదివితే జనం చప్పట్లు కొడతారు గానీ దేనికి కొట్టారో తెలియకుండానే ఇంటికి పోతారు. అది నాకు నచ్చదు.

ఏదైనా జిమ్ నుంచి రోయింగ్ మిషన్ ఒకటి అద్దెకు తెచ్చి స్టేజీ మీద పెట్టించు. పిల్లల్లో ఒకడిని ఒక్క నిమిషం రేసు వేగంతో లాగమను, తర్వాత ముఖ్య అతిథిని కూడా సరదాగా కూర్చోబెట్టు (బీపీ ఉందేమో ముందే కనుక్కో). కాళ్ళు, నడుము, చేతులు అన్నీ కలిసి పనిచేయాలని, తెడ్డు వేసేవాడు వీపు గమ్యం వైపు పెట్టి కూర్చుంటాడని అప్పుడు అర్థమవుతుంది. ఒలింపిక్స్‌లో ఇప్పటిదాకా రేసు 2000 మీటర్లు, ఒంటరిగా తోసే మగవాళ్ళకు ఏడు నిమిషాల చుట్టుపక్కల పడుతుంది. నీ సభలో ఏ ఉపన్యాసమూ అంతకు మించకూడదని అందరికీ ముందే చెప్పేయ్. 2028 లాస్ ఏంజెలెస్‌లో రేసును 1500 మీటర్లకు తగ్గిస్తున్నారట, మనవాళ్ళు కూడా ఉపన్యాసాలు ఇంకొంచెం తగ్గిస్తే సంతోషం.

ఇక పిలవడం. ఒక పడవలో గెలిచినవాళ్ళను విడివిడిగా పిలవద్దు. ఎనిమిది మంది తోసే పడవైతే ఎనిమిది మందినీ, కాక్స్‌నూ (పడవకు దారి చూపేవాడినీ) కలిపి, సీటు నంబర్ల వరసలో నిలబెట్టు. వాళ్ళలో 'ఉత్తమ క్రీడాకారుడు' అని ఒకడిని ఏరావంటే మిగతావాళ్ళను అవమానించినట్టే. కాక్స్ చేతిలో తెడ్డు ఉండదు కదా అని కొందరు చిన్నచూపు చూస్తారు, కానీ ఆ పడవలో ముందుకు చూస్తూ కూర్చునేది ఒక్కడే, దారి పట్టించేదీ వేగం ఎప్పుడు పెంచాలో అరిచి చెప్పేదీ వాడే. గెలిస్తే కాక్స్‌ను ఎత్తి నీళ్ళల్లో పడేయడం ఈ ఆటలో ఆచారం. మహతి ఆడిటోరియంలో ఆ ముచ్చట కుదరదులే, అదేమిటో కాక్స్‌నే చెప్పమను, హాలంతా నవ్వుతుంది. జట్టుతో వెళ్ళి రిజర్వ్‌లో కూర్చున్నవాడు ఉంటే వాడినీ అదే వరసలో నిలబెట్టు.

ఒక్కొక్కరి గురించి బయోడేటా చదివించకు, చేసిన పని చెప్పించు. కొంగణపల్లె నారాయణ గారినే తీసుకో. నంద్యాల వైపు మనిషి, జమ్మూ కశ్మీర్‌లో సైనికుడిగా ఉండగా మందుపాతర పేలి కాలు పోయింది. ఆ తర్వాత రోయింగ్‌లోకి వచ్చి, తన జోడీ అనిత గారితో కలిసి 2023లో హాంగ్‌ఝౌ పారా ఆసియా క్రీడల్లో రజతం గెలిచారు, 2024లో పారిస్ పారాలింపిక్స్ దాకా వెళ్ళారు. ఇంత చెబితే చాలు, విశేషణాలు అక్కర్లేదు. యాంకర్‌కు మాత్రం కొంచెం నేపథ్యం రాసివ్వు, ఆసియా క్రీడల్లో మనకు రోయింగ్ తొలి స్వర్ణం 2010లో బజరంగ్ లాల్ టాఖర్ తెచ్చారని, 2018 జకార్తా-పాలెంబాంగ్ క్రీడల్లో నలుగురి పడవ స్వర్ణం గెలిచిందని. లేకపోతే రోయింగ్‌నూ కయాకింగ్‌నూ కలిపేసి మాట్లాడతారు.

కోచ్‌కు శాలువా అతిథి చేత కప్పించకు, శిష్యుడి చేత కప్పించు. ఇప్పటి కోచ్ ఒక్కరే కాదు, ఆ పిల్లవాడి పొడవు, భుజాలు చూసి నువ్వు ఆటల్లోకి రా అని మొదట పిలిచినవాళ్ళు ఎవరో ఫోన్ చేసి కనుక్కో. ఏ పల్లెటూరి హైస్కూలు పీఈటీనో అయి ఉంటారు, ఆయనకు కారు పంపు.

వాలంటీర్ల దగ్గరే అందరూ తేలిపోతారు. చివర్లో 'సహకరించిన అందరికీ ధన్యవాదాలు' అంటారు, అయిపోయింది. స్టార్ట్ దగ్గర పడవలన్నీ ఒకే గీతలో ఉండాలని, నీళ్ళ మీది వేదికపై బోర్లా పడుకుని పడవ తోకను చేత్తో పట్టుకునే పిల్లలుంటారు, ఎండలో రేసు తర్వాత రేసు అదే పని. రెస్క్యూ బోటు నడిపేవాళ్ళు, రేసు అయ్యాక పడవ బరువు తూచేవాళ్ళు (ఒంటరి పడవ 14 కిలోలకు తగ్గకూడదు), పొడవాటి పడవను ముక్కలుగా విప్పి లారీకెక్కించి మళ్ళీ బిగించేవాళ్ళు. వీళ్ళను పేరు పెట్టి, పని చెప్పి, ఆటగాళ్ళతో సమానంగా పిలువు. సాయంత్రం ఆలస్యమై హాలు ఖాళీ అయ్యాక కాదు, సగంలోనే.

జ్ఞాపికలకు ఆ బంగారు రంగు ప్లాస్టిక్ షీల్డులు కొనకు. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్క పనివాళ్ళున్నారు కదా, చిన్న తెడ్లు చేయించు. ఎర్రచందనం జోలికి మాత్రం పోవద్దు, లేనిపోని కేసులు. ఇంగ్లండ్ కాలేజీల్లో గెలిచిన జట్టు పేర్లన్నీ తెడ్డు రెక్క మీద రంగుతో రాసి గోడకు తగిలిస్తారు. నువ్వు కూడా ఒక్కొక్కరికిచ్చే తెడ్డు మీద వాళ్ళ పేరొక్కటే కాకుండా పడవలోని అందరి పేర్లూ రాయించు.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా చెబుతున్నా. చేతిలో లేని నగదు బహుమతిని స్టేజీ మీద ప్రకటించనివ్వకు. ఒక సభలో ఇలాగే ప్రకటించారు, ఆ పిల్లవాడు చెక్కు కోసం తిరిగి తిరిగి విసిగిపోయాడు. కవరు సిద్ధంగా ఉంటేనే మైకులో చెప్పించు. వచ్చినవాళ్ళ దారి ఖర్చులు భోజనానికి ముందే ఇచ్చేయ్, వెళ్ళేటప్పుడు అడగలేక నిలబడతారు. అమ్మానాన్నలకు ముందు వరస కుర్చీలు పేర్లు అంటించి ఉంచు, లేకపోతే ఎవరో ఒకరు కూర్చుంటారు.

పేర్ల స్పెల్లింగ్ ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో పంపి సరిచూసుకున్నాకే సర్టిఫికెట్లు ప్రింటుకివ్వు. ఆహ్వాన పత్రికలో ఆటగాళ్ళ పేర్లు అతిథుల పేర్ల కంటే పైన ఉండాలి, ఎవరైనా అలిగితే మా మామ అలా పెట్టమన్నాడని నా మీద తోసేయ్. ప్రూఫ్ రాగానే నాకు పంపు.

మీ మామ