కుద్రేముఖ్ వెళ్తున్నారా? ముందు అటక మీది బూట్లు దించి చూడండి

"బెంగళూరు నుంచి నలుగురం మొదటిసారి కర్ణాటక పశ్చిమ కనుమల్లో ఉన్న కుద్రేముఖ్ కొండకి ట్రెక్ వెళ్దామనుకుంటున్నాం. ఎన్ని రోజులు కావాలి, ఏ నెల మంచిది, ఏమేం కొనుక్కోవాలి?" అని అడిగారు. మొదటి రెండిటికీ జవాబు చిన్నదే. మూడోదాని వెనక మాత్రం ఒక కథ ఉంది. మా ఇంట్లో అది ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

రెండు రోజుల్లో అయిపోతుందని అందరూ చెప్తారు. శుక్రవారం రాత్రి మెజెస్టిక్‌లో, కొండకి దగ్గరి ఊరు కళస బస్సు ఎక్కడం, శనివారం తెల్లారి దిగి మొహం కడుక్కుని కొండెక్కేయడం, ఆదివారానికల్లా ఇంట్లో ఉండటం. నన్నడిగితే ఇది శుద్ధ తెలివితక్కువ పని. దారి 300 కిలోమీటర్ల పైచిలుకు. శుక్రవారం సాయంత్రం గొరగుంటెపాళ్య నుంచి నెలమంగల దాటేసరికే సగం ప్రాణం పోతుంది. మూడిగెరె దాటాక మలుపుల్లో బస్సు ఊగుతుంటే నిద్రెక్కడిది? అలా వచ్చి, పోను రాను కలిపి 20 కిలోమీటర్లు కొండదారిలో నడుస్తారా? శనివారం హోమ్‌స్టేలో పడుకోండి. కళసేశ్వరుడిని చూసి, హొరనాడు అన్నపూర్ణమ్మ గుడిలో భోజనం చేయండి. ఆదివారం కొండెక్కండి. సోమవారానికి సెలవు పెట్టండి. మేనేజర్ ఏమంటాడో అని టెన్షన్ పడేవాళ్లు లాల్‌బాగ్‌కి వెళ్లొచ్చు, అక్కడా ఒక గుట్ట ఉంది.

పర్మిషన్ మాత్రం ముందే తీసుకోవాలి. కర్ణాటక అటవీశాఖ వాళ్ల 'అరణ్య విహార' సైట్‌లో పేర్లు, గుర్తింపు కార్డులతో బుక్ చేసుకోవాలి. రోజుకు ఇంతమందే అని లెక్క ఉంది. 2024 జనవరిలో రిపబ్లిక్ డే వారాంతానికి కుమార పర్వతం దగ్గర వేలమంది తిరునాళ్లలా ఎగబడ్డారు. ఆ ఫొటోలు, వీడియోలు బయటికొచ్చాకే ప్రభుత్వం ఆన్‌లైన్ బుకింగ్ లేని ట్రెక్కింగ్‌ని ఆపేసింది. మంచి పనే చేసింది. మీ నలుగురిలో 'చూద్దాంలే' అనేవాడు ఒకడు కచ్చితంగా ఉంటాడు. వాడి పేరు ఆఖర్న ఎక్కించండి. మాకు అలాంటివాడు ఒకడు దొరికి, బస్సు బయల్దేరే రోజు మధ్యాహ్నం చేతులెత్తేశాడు.

నెల అంటారా, నా ఓటు అక్టోబరు, నవంబరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండ పచ్చగా ఉండే మాట నిజమే కానీ అది మబ్బులో దాక్కుంటుంది. మాది హిందూపురం. పాత అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే మంచి సంవత్సరం అనుకునేవాళ్లం. కుద్రేముఖ్‌కి దగ్గర్లోనే ఉన్న ఆగుంబెలో ఏడాదికి 7,000 దాటుతుంది. వాన మొహం చూసి మురిసిపోయే మాలాంటివాళ్లు కూడా అక్కడ రెండో రోజుకి ఎండ కోసం మొక్కుకుంటారు. వేసవిలో కార్చిచ్చు భయంతో దారులు మూసేస్తారు. పైగా మలెనాడు అనే ఈ కొండసీమ అడవుల్లో చలికాలం చివరినుంచి వేసవి దాకా మంగన కాయిలె, అంటే కోతి జ్వరం భయం ఒకటి. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో మొదట బయటపడింది, గోమార్ల ద్వారా అంటుకుంటుంది. చచ్చిపడిన కోతి కనబడితే ఫొటో తీద్దామని దగ్గరికి పోకండి.

ఇక కొనడం గురించి. మేం వెళ్లింది ఒక అక్టోబరులో. నేనూ అందరిలాగే జాబితా రాసుకున్నాను. రెయిన్‌కోటు, తలకి కట్టుకునే లైటు, కొత్త బూట్లు, ఇంకా ఏవేవో. జీతం పడిన వారంలో ఇలాంటి జాబితాలు చాలా అవసరంగా అనిపిస్తాయి. చూద్దాంలే అన్నవాడు మానేశాడు కదా, వాడి సీటు వృథా ఎందుకని బామ్మర్దిని వెంటబెట్టుకెళ్లాను. బామ్మర్ది పేరు ముందే వెయిటింగులో పెట్టానులెండి. వాడికి బూట్లు లేవు. నా పాతవి అటక మీద డబ్బాలో ఉన్నాయి. ఏడేళ్ల కిందట కొన్నవి, రెండుసార్లు వేసి ఉంటాను. తళతళలాడుతున్నాయి. "ఇవి వేసుకోరా, నీ సైజే" అని ఇచ్చాను. ఆ మాట ఆ తర్వాత నాకు ఎన్నిసార్లు అప్పజెప్పారో లెక్కలేదు.

బాలెగల్ నుంచి, నడక మొదలయ్యే ముళ్లోడి దాకా జీపు. ఆ దారిని రోడ్డు అనడానికి నోరు రాదు, ఎముకలన్నీ మళ్లీ సర్దుకుంటాయి. అటవీశాఖ వాళ్లు బ్యాగులు విప్పి ప్లాస్టిక్ ఏదైనా ఉందేమో చూశారు. గైడు మాకంటే చిన్నవాడు. కాళ్లకు మామూలు రబ్బరు చెప్పులు. బయల్దేరేముందు ఒక్కటే మాట చెప్పాడు: ఒంటిగంటకు ఎక్కడుంటే అక్కడినుంచి వెనక్కి. అందరం తలూపాం.

మొదట అడవి, తర్వాత గడ్డి. ఆ కొండల్లో చెట్లు మడతల్లోనే, నీళ్లు నిలిచే లోయల్లోనే గుంపుగా ఉంటాయి, వాటిని శోలా అంటారు. మిగతా కొండంతా దువ్వినట్టు గడ్డి. ఫొటోల్లో బాగుంటుంది కానీ నెత్తిన నీడ ఉండదు, టోపీ మర్చిపోకండి. ఒంటిమర అని ఒక ఒంటరి చెట్టు దగ్గర ఆగి, హోమ్‌స్టే వాళ్లు కట్టిచ్చిన చిత్రాన్నం సగం తిన్నాం. అక్కడినుంచి కాస్త ముందుకు పోయాక, తడిమట్టి చఱియ మీద వెనకనుంచి "బావా" అని వినబడింది.

తిరిగి చూస్తే వాడి ఎడమ బూటు నోరు తెరిచి ఉంది. సోలు ముందు భాగం ఊడి నాలుకలా వేలాడుతోంది. వాడు దాన్ని వంగి పట్టుకున్నాడు, చేతిలోకి ముద్దగా వచ్చేసింది. అతుకు వీడటం కాదు, లోపలున్న స్పాంజి లాంటి పొర బియ్యప్పిండిలా రాలిపోతోంది. పది నిమిషాలకి కుడిదీ అంతే.

తర్వాత తెలుసుకున్న సంగతి చెప్తాను, ఈ జవాబులో మీకు పనికొచ్చేది ఇదొక్కటే కావచ్చు. చాలా బూట్లలో మధ్య పొర పాలీయురేథేన్‌తో చేస్తారు. గాల్లో తేమకి అది లోపల్లోపలే విరిగిపోతూ ఉంటుంది. వాడకుండా డబ్బాలో పెట్టినా ఆగదు. పైన తోలు కొత్తగా ఉంటుంది, కింద అంతా పేలపిండే. అందుకని మీ దగ్గర నాలుగైదేళ్లు దాటిన జత ఉంటే బాగా వంచి చూడండి. మధ్య పొరలో గోరు గుచ్చండి. పగుళ్లు కనబడినా, పొడి రాలినా పారేయండి. బాగానే ఉన్నాయనిపించినా వారం రోజులు వేసుకుని వీధిలో తిరగండి. కొండమీద ప్రయోగం చేయకండి.

గైడు నవ్వలేదు. సంచిలోంచి సైకిల్ ట్యూబు ముక్కలు తీశాడు, చేతి గాజుల్లా కోసినవి. మునివేళ్ల దగ్గర రెండు, మడమ దగ్గర రెండు బిగించాడు. "తింగళిగె ఒందు సార్" అన్నాడు, నెలకొకటి తగులుతుందట. టైం పదకొండు ముప్పావు. శిఖరం కనబడుతోంది, గుర్రం ముఖం లాంటి ఆ కొండ మొన. 1,894 మీటర్లు. గంటన్నర దూరం.

"నువ్వు పో బావా, నేనీడ కూచుంటా" అన్నాడు బామ్మర్ది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒక నిమిషం పాటు నిజంగానే ఆలోచించాను. సెలవు పెట్టాను, డబ్బు పెట్టాను, కొత్త బూట్లు నా కాళ్లకే ఉన్నాయి. మాతో వచ్చిన ఇద్దరిలో ఒకడు "గంటలో కొట్టేసి వచ్చేద్దాం" అని ఎగదోశాడు. పైకి చేరి సెల్ఫీ పెట్టకపోతే ట్రెక్కే చేయనట్టు ఇదో జబ్బు పట్టుకుంది జనానికి. స్పీకరు మోసుకొచ్చి పాటలు పెట్టేవాళ్లు వేరే జాతి. వాళ్లలో సగం మంది మన తెలుగువాళ్లే కావడం నా దురదృష్టం. గైడు మాత్రం మా ముఖాలు చూసి, ఒక్కణ్ని వదలడం కుదరదు, అందరూ దిగాలి అన్నాడు. మేమెవరం అడ్డం చెప్పలేదు.

ఎక్కడానికి పట్టినదానికంటే దిగడానికే ఎక్కువసేపు పట్టింది. ట్యూబు కట్టిన కాలు తడిరాయి మీద నిలవదు. వాడు పక్కకి తిరిగి మేకలా దిగాడు. అడవి లోపలికి వచ్చాక జలగలు మొదలు. గైడు కొబ్బరినూనెలో ఉప్పు కలిపి మా కాళ్లకి రాశాడు, అయినా మూడు పట్టుకున్నాయి. పట్టుకున్నవాటిని గుంజకండి, గోటితో నెమ్మదిగా పక్కకి నెట్టండి. అది వదిలాక కూడా నెత్తురు కారుతూనే ఉంటుంది, గడ్డకట్టకుండా ఏదో ఎక్కిస్తుంది. కంగారు పడక్కర్లేదు. మా వాడి మేజోళ్లు రెండూ ఎర్రగా తడిశాయి. కాళ్లు చూసుకుని, "బావా, ఇవి నీ బూట్లే కదా" అన్నాడు. అంతే అన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ కొండ ఎలా ఉందని అడగలేదు. "నీకు కొత్తవి, మా తమ్ముడికి పాతవా?" అంది. హిందూపురంలో ఏ శుభకార్యానికి వెళ్లినా ఎవరో ఒకరు నా చెప్పుల వంక చూసి నవ్వుతారు. మా అత్తగారైతే ఒకసారి గడప దగ్గర చెప్పు ఎత్తి, వంచి మరీ చూశారు.

ఆ ట్యూబు ముక్కలు ఎనిమిదీ నా బ్యాగు ముందు జేబులోనే ఉన్నాయి. ఈ నవంబరుకి మళ్లీ బుక్ చేశాను. బామ్మర్ది వస్తానన్నాడు. బూట్లు తనే తెచ్చుకుంటాడట.