పాత స్టాఫును కలుపుతానన్నావుగా, ముందు ఇది చదువు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మన బడిలో పనిచేసి రిటైరైనవాళ్ళనీ, బదిలీ మీద వెళ్ళిపోయినవాళ్ళనీ అందరినీ ఒకచోట చేరుస్తున్నావని లెక్కల మాస్టారు ఫోన్ చేసి చెప్పారు. నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల అదే బడిలో టీచరై మమ్మల్నందరినీ పిలుస్తోందంటే ఎంత గర్వంగా ఉందో! ఆ వెనకే టెన్షనూ పట్టుకుంది. ఫోన్లో అయితే అన్నిటికీ ‘సరే మాస్టారూ’ అనేస్తావు. అందుకే రాస్తున్నా.

హాలు, మైకు, భోజనాలు నువ్వు చూసుకోగలవు. మెట్లెక్కే పని పెట్టొద్దు. షుగరున్నవాళ్ళే ఎక్కువ, పన్నెండున్నరకల్లా వడ్డన మొదలుపెట్టించు. తేదీ మాత్రం సంక్రాంతి దాటాకే. మే ఎండకు మా వయసువాళ్ళు ఆగలేరు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు, తుఫాన్లు. చెన్నై నుంచీ విజయవాడ నుంచీ వచ్చేవాళ్ళు పినాకిని రైలుకు సింగరాయకొండలో దిగుతారు. అక్కణ్ణుంచి కందుకూరు దాకా ఆటోల బేరం వాళ్ళకు వదిలేయకు. ఇద్దరు పాత విద్యార్థుల్ని కారిచ్చి స్టేషనుకు పంపు.

బడి రిజిస్టరు చూసి పేర్లు రాస్తున్నావట. అక్కడ కాసేపు ఆగు.

నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక స్కూలు వాళ్ళు (పేరెందుకులే) కొన్నేళ్ళ కిందట ఇలాగే కలయిక పెట్టారు. రిజిస్టరులో పేర్లు ఎక్కించుకుని, పోయినవాళ్ళ పక్కన చుక్క పెట్టుకున్నారు. ఆ స్కూల్లో వేర్వేరు కాలాల్లో ఇద్దరు డ్రిల్లు మాస్టార్లు పనిచేశారు. ఇద్దరిదీ ఒకే పేరు, ఇంటిపేర్లే వేరు. ఒకాయన పోయాడు. రెండో ఆయన ఒంగోల్లో సొంతింట్లో ఉన్నాడు. చుక్క ఈయన పేరు పక్కన పడింది. సభ మొదట్లో నివాళి అని అందరినీ నిలబెట్టి, ఆ పేరు ఇంటిపేరుతో సహా మైకులో చదివారు. నాకు గుండె ఆగినంత పనైంది. నెల కిందటే ఆయనతో మాట్లాడాను. జనాన్ని తప్పించుకుని స్టేజి దగ్గరికి వెళ్ళేసరికే వీడియో వాట్సాప్ గ్రూపులోకి ఎక్కేసింది. అసలు పోయినాయన భార్య మూడో వరసలో కూర్చుని ఉంది. తన భర్త పేరు వస్తుందని చూసిన మనిషి, వేరే ఇంటిపేరు వింది.

సాయంత్రానికి ఆ వీడియో కనిగిరిలో ఉన్న ఆయన చెల్లెలికి చేరింది. ఒక్క ఫోనన్నా చేయకుండా ఏడుస్తూ బస్సెక్కింది. గేటు దగ్గర మొక్కలకు నీళ్ళు పోస్తున్న అన్నను చూసి అక్కడే కూలబడిపోయిందట. రాత్రి ఆయన నాకు ఫోన్ చేసి ‘నేను ఉన్నానయ్యా’ అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. తర్వాత కమిటీవాళ్ళు శాలువా పట్టుకుని వెళ్తే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. శాలువా ముట్టుకోలేదు. ఆ తర్వాత ఏ కలయికకూ రాలేదు.

కాబట్టి అమ్మా, ప్రతి పేరుకూ పూర్తి ఇంటిపేరు, చెప్పిన సబ్జెక్టు, మన బడిలో ఉన్న ఏళ్ళు, సొంత ఊరు రాయి. కొడుకుదో కూతురిదో ఇంకో నంబరు తీసుకో. ఎవరైనా పోయారని గ్రూపులో వస్తే ఆ ఇంటివాళ్ళతో మాట్లాడేదాకా చేతులు జోడించే బొమ్మ కూడా పెట్టనివ్వకు. ‘మాస్టారున్నారా అమ్మా’ అని మొదలుపెట్టే ఫోనే వద్దు. ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళని ముందు కనుక్కో. చనిపోయినవాళ్ళ జాబితా చదివే ముందు రోజు నాకొకసారి వినిపించు. ఈ ఒక్కటీ నా మాట విను.

రిజిస్టరులో లేనివాళ్ళూ ఉంటారు. గంట కొట్టిన అటెండరు, మధ్యాహ్న భోజనం వండినామె, విద్యా వాలంటీర్లు. నెలకు 398 రూపాయల మీద చేరిన స్పెషల్ టీచర్లు పర్మనెంటయ్యేదాకా ఎంత కష్టపడ్డారో నేను చూశాను, వాళ్ళలో మన బడికొచ్చినవాళ్ళని మర్చిపోవద్దు. జిల్లా పేరు చూసి కూడా ఎవరినీ వదిలేయకు. 1970 దాకా కందుకూరు నెల్లూరు జిల్లాలోదే, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరుకు మార్చారు. పామూరుకో పొదిలికో బదిలీ అయినవాళ్ళు మనవాళ్ళు కాకుండా పోతారా?

ఫ్లెక్సీకి పదివేలు ఖర్చు పెడతారా ఎవరన్నా? ఆ డబ్బుతో రాలేనివాళ్ళకి కార్లు పెట్టు. నాయకుల్ని పిలవకు, వాళ్ళ ఉపన్యాసాలు అయ్యేసరికి మా వాళ్ళకి మందుల టైము దాటిపోతుంది. అంతా నీ ఒక్కదాని నెత్తినే వేసుకోకు, చంటిపిల్ల తల్లివి. చిన్నప్పుడూ అంతే, క్లాసు మొత్తం నోటుపుస్తకాలు ఒక్కదానివే మోసుకొచ్చేదానివి. వద్దన్నా వినేదానివి కాదు.

పడమటి మండలాలవాళ్ళ ఫోన్లు నేను చూసుకుంటాను. హిందీ టీచరమ్మ నంబరు కింద రాశాను. సాయంత్రం అయిదు దాటాకే చెయ్యి, మధ్యాహ్నం చెవి మిషన్ తీసి పడుకుంటుంది. పలక్కపోతే కంగారుపడి ఎవరికీ ఏమీ చెప్పకు, మర్నాడు మళ్ళీ చెయ్యి.

నీ తెలుగు మాస్టారు