ధాత సంవత్సరం పత్రానికి కాలం కట్టడం

కోవెలకుంట్ల దగ్గరి పొలాన్ని మీ ముత్తాత గారు అమ్మిన పత్రంలో ‘ధాత నామ సంవత్సరం’ అని మాత్రమే ఉందని, అది ఏ ఏడాదో తేలడం లేదని రాశారు. ధాత అరవై ఏళ్లకోసారి వస్తుంది. కాబట్టి అది 1876-77 అయినా కావాలి, 1936-37 అయినా కావాలి. స్టాంపు ముద్రను వెలుతురులో పెట్టి చూడండి. విక్టోరియా రాణి తల ఉంటే మొదటిది, జార్జి రాజు తల ఉంటే రెండోది.

రాణి తల కనిపిస్తే మాత్రం ఆ అమ్మకాన్ని మామూలు బేరంగా చదవకండి. 1876లో వానలు ముఖం చాటేయడంతో మొదలైన ఆ కరువును మన పెద్దలు ధాత కరువనే అంటారు. 1877 జనవరిలో, కరువు పరిస్థితి చూడమని బ్రిటిషు ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు! దినమంతా మట్టి మోసిన మనిషికి అది ఏ మూలకు? అందుకే పొలం ఎంతకు పోయింది, ఏ మాసం, ఏ తిథి అన్నవి జాగ్రత్తగా రాసుకోండి. తిథి ఉంటే పాత పంచాంగంతో తేదీ కూడా తేలుతుంది.

తర్వాత సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నకలు అడగండి. అది ఇనాం భూమి, అంటే పాలకులు శిస్తు తీసేసో తగ్గించో ఇచ్చిన మాన్యం అయితే 1860ల నాటి ఇనాం రిజిస్టరులో మీ ముత్తాత తండ్రి పేరు దొరకవచ్చు. దొరికితే తప్పక రాయండి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానాపై దాడి చేసిన నాటి తరం ఆయనది.