గ్రౌండ్ ముచ్చట్లు: పడ్డయి యాదుంటయి, పడనియి ఎవరు రాస్తరు?

ప్రశ్న: అన్నా నమస్తే. నేను అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ ఫ్యాన్‌ని, మా బావ కూడ అంతే. ఆఖరి సెకన్లల కోబీ చేతిల బాల్ ఉంటే ఇగ పడ్డట్టే అని చిన్నప్పటి నుంచి అనుకుంటున్నం. మొన్న మా హాస్టల్‌ల ఒకడు ఫోన్‌ల ఏవో లెక్కలు తీసి ఆ టైంల కోబీ వేసినయ్ మూడింట్ల రెండు పడనే పడలే అన్నడు, మస్తు కోపమొచ్చింది. మేం కళ్ళతోని చూసింది అబద్ధమా? (హన్మకొండ నుంచి ఒక తమ్ముడు)

జవాబు: తమ్మీ, నీ కళ్ళు అబద్ధం చెప్పలే, సగమే చెప్పినయ్. నీ దోస్తు లెక్క కరెక్టే. 2011 జనవరిల ఈఎస్‌పీఎన్ అనే స్పోర్ట్స్ చానెల్ వాళ్ళు ఈ లెక్క బయటపెట్టిన్రు. ఆట ఆఖరి 24 సెకన్లల స్కోరు సమానంగనో, ఒకటి రెండు పాయింట్లు వెనకనో ఉన్నప్పుడు కోబీ 1996ల ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్)లకొచ్చిన కాడి నుంచి అప్పటిదాకా వేసిన షాట్లు 115, పడ్డయి 36, అంటే 31 శాతం. మిగిలిన 79 పోయినయ్. ఆ 79ల ఒక్కటన్న నీకు యాదున్నదా? పడ్డ షాట్‌నేమో టీవీల వాట్సాప్‌ల వంద సార్లు చూస్తం, పోయింది రింగు తగిలి బయటపడంగనే చానెల్ మార్చేస్తం, ఇగ మనసుల 36 మిగుల్తయి గని 115 యాడ మిగుల్తయి?

అట్లని కోబీకి చేతగాదని నీ దోస్తు అంటే అది కూడ తప్పే, ఆ మాట నువ్వు గట్టిగ చెప్పు. బాల్ ఎవరికి పోతదో గ్రౌండ్‌ల అందరికీ తెలుసు, ఇద్దరొచ్చి మీద పడ్తరు, టైం ఉండది, బ్యాలెన్స్ లేకున్నా వెయ్యాల్సిందే, అందుకే ఆ టైంల లీగ్ మొత్తంది తీసినా 30 శాతం చుట్టే ఉంటది. కెరీర్ మొత్తం మీద కోబీది 44.7 శాతం. అంటే లెక్క చెప్పేదేందంటే ఆఖరి నిమిషంల ఆయన దేవుడు కాదు, అందరి లెక్కనే ఆయనకు కూడ కష్టమైంది, కానీ వేరేటోళ్ళకన్నా చానా ఎక్కువ సార్లు వేసిండు, ఎక్కువ వేసినందుకే ఎక్కువ పడ్డయి, అవే మనకు యాదుంటయి.

ఇంకొకటి చూడు. 2010 ఫైనల్స్ ఏడో మ్యాచ్, కోబీ టీమ్ లేకర్స్ 83, సెల్టిక్స్ 79. ఆ రోజు కోబీ 24 షాట్లు వేస్తే పడ్డయి ఆరే. కానీ రీబౌండ్లు (పోయిన షాట్ల బాల్ పట్టుకునుడు) 15 పట్టిండు, ఫైనల్స్ ఎంవీపీ, అంటే అందరికన్నా మంచి ఆటగాడనే అవార్డు కూడ ఆయనకే ఇచ్చిన్రు. ఆ మ్యాచ్ పేరు ఎత్తితే ఫ్యాన్స్‌కు కప్పు కనపడ్తది, పోయిన 18 షాట్లు కనపడయి. నేనూ ఇట్లనే మోసపోయిన. మేం సుబేదారి దిక్కు ఆడుకునేటప్పుడు ఒక సీనియర్ అన్న ఉండె, కార్నర్ల నుంచి వేస్తే తప్పదు అని మేమందరం ఒట్టేసి చెప్పేటోళ్ళం. ఒక ఎండకాలం సెలవుల నోట్‌బుక్ పట్టుకోని గీతలు పెట్టిన, పడితే నిలువు గీత, పోతే అడ్డ గీత. సగం గూడ పడలే. అదే గ్రౌండ్‌ల సప్పుడు చెయ్యకుంట బోర్డు కింద ఆడే పిలగాడు ఆయనకన్నా ఎంతో మంచిగ వేస్తున్నడని అప్పటిదాకా ఒక్కలం గూడ చూడలే, ఆ సంగతి ఇప్పటికీ నాకు బాధే.

ప్రశ్న: సార్, మా రైల్వే కాలనీ టీమ్‌ల ఎవనికన్నా వరసగా మూడు పడ్డయంటే ఇగ అందరం వానికే బాల్ ఇస్తం, వాడు ఊపు మీదున్నడంటం. అది నిజమేనా, ఉత్త భ్రమనా? (కాజీపేట)

జవాబు: దీని మీద పెద్ద కొట్లాటే నడిచింది. 1985ల గిలోవిచ్, వలోన్, ట్వెర్స్కీ అనే ముగ్గురు పరిశోధకులు ఎన్‌బీఏల ఫిలడెల్ఫియా 76ఎర్స్ టీమ్ షాట్లు ఒక్కొక్కటి లెక్కపెట్టిన్రు. 100 మంది ఫ్యాన్స్‌ను అడిగితే 91 మంది నీ లెక్కనే, వరసగా పడ్డంక మళ్ల పడే చాన్స్ ఎక్కువ అన్నరు. లెక్కలేమో అట్లేం లేదన్నయి. ముప్పై ఏండ్లకు పైగా అదే వేదం లెక్క చెప్పుకున్నరు, ఫ్యాన్స్ అమాయకులని.

2018ల మిల్లర్, సంజుర్హో అనే ఇద్దరు ఆ లెక్కలనే ఒక తప్పు పట్టిన్రు. ఇంట్ల పిల్లలతోని చేసి చూడు: నాణెం మూడు సార్లు ఎగరేస్తే వచ్చే ఎనిమిది రకాలు కాగితం మీద రాయి, ఒక్కో దాంట్ల బొమ్మ పడ్డంక మళ్ల బొమ్మ ఎంత శాతం పడ్డదో రాసి (మొదటి రెండిట్ల బొమ్మ లేని రెండు వరసలు వదిలెయ్యాలె) సరాసరి తియ్యి, 50 అనుకుంటవు గని 41 చిల్లర వస్తది. చిన్న చిన్న వరసలల్ల ఈ తేడా ఎప్పుడూ ఉంటది. అంటే పాత లెక్కల 50 వచ్చిందంటే వాడు నిజంగనే కొంచెం ఊపు మీదున్నట్టు! సరిచేసి చూస్తే ఊపు ఉన్నదనే తేలింది. నేనైతే ఇట్ల చెప్త: ఊపు ఉన్నది, కానీ మీరు అనుకునేంత లేదు, ఇద్దరు గార్డులు వాని మీదికొచ్చినప్పుడు పక్కన ఖాళీగ నిలబడ్డోనికియ్యున్రి బాల్, అలిగితే అలగనియ్యున్రి.

ప్రశ్న: సార్ నమస్తే, నేను తొమ్మిదో తరగతి. లైన్ బయట నుంచి 100 వేస్తే 35 పడ్తయి నాకు, నా ఫ్రెండ్‌కు లోపల నుంచి 45 పడ్తయి. మా పీఈటీ సార్ ఆమెనే మంచి షూటర్ అంటున్నడు, నాకు ఏడుపొస్తుంది. (పరకాల)

జవాబు: ఏడవకు బిడ్డా, గుణించు. లైన్ బయట నుంచి పడితే మూడు పాయింట్లు, లోపల నుంచి పడితే రెండు. 35ను మూడుతోని గుణిస్తే 105 పాయింట్లు, 45ను రెండుతోని గుణిస్తే 90. ఎన్‌బీఏల మూడు పాయింట్ల లైన్ 1979ల వచ్చింది, శాతాలు ఉట్టిగ చూస్తే మోసమని ఇప్పుడు పడ్డ త్రీని (మూడు పాయింట్ల షాట్‌ను) ఒకటిన్నరగ లెక్కపెట్టి ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ అంటున్నరు. ఆ లెక్కన నీది 52.5, ఆమెది 45. కానీ ఆ 35 ప్రాక్టీస్‌లదా, మ్యాచ్‌లదా అన్నది నువ్వు రాయలేదు. మ్యాచ్‌లదైతే ఈ కాగితం తీస్కపోయి సార్‌కు చూపియ్యి. ప్రాక్టీస్‌దైతే నాలుగు మ్యాచ్‌లు ఆడి, పోయినయ్ కూడ రాసి, మళ్ల నాకు ఉత్తరం వెయ్యి.