రంగులు ఎటు పరుగెత్తాయో రాయి: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసమూ, పళ్లెంలో పాలు పోసి, రంగు చుక్కలు వేసి, వాటి మధ్య సబ్బు చుక్క తాకించి తీసిన ఫొటోలూ చూశాను. ఫొటోలు బాగున్నాయి, రెండోదైతే చాలా బాగుంది. నా పేచీ అంతా వ్యాసంతోనే. "రంగులు నాట్యం చేశాయి" అని ఒకటికి రెండుసార్లు రాశావు, ఇంకోచోట "ప్రకృతి గీసిన చిత్రం" అన్నావు. నువ్వు ఎంత సంబరపడ్డావో తెలుస్తోంది గానీ ఆ పళ్లెంలో ఏం జరిగిందో మాత్రం తెలియట్లేదు.

"సబ్బు రంగులను తోసేసింది" అన్నావు చూడు, అది ముందు మార్చు. చూస్తే అలాగే అనిపిస్తుంది, చాలామంది అలాగే రాస్తారు కూడా. కానీ అక్కడ అసలు పని లాగుడుది. ద్రవం పైపొర ఎప్పుడూ అన్ని వైపులా లాగి పట్టినట్టు బిగుతుగా ఉంటుంది, అదే తలతన్యత. మామూలు గది వేడిలో నీటికి అది మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. ప్రోటీన్లూ కొవ్వూ ఉండటంతో పాలకి అంతకంటే తక్కువ. పాత్రలు తోమే లిక్విడ్ కలిసిన చోట 30 దరిదాపులకు పడిపోతుంది. అంటే చుక్క తాకిన చోట పట్టు సడలింది, చుట్టూ ఉన్న పాల పట్టు అలాగే ఉంది. తాడులాటలో ఒక జట్టు పట్టు వదిలేస్తే తాడు ఎటు పోతుంది? రంగులు పోయింది కూడా అటే. సబ్బు పైపొరంతా సమానంగా పరుచుకున్నాక ఎక్కడా తేడా మిగలదు, లాగేవాడు ఉండడు, ఆట ఆగిపోతుంది. అప్పుడు ఇంకో చుక్క వేసి ఏమీ కదలట్లేదని చిరాకు పడేకంటే పాలు పారబోసి మళ్లీ మొదలుపెట్టడం మేలు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఫొటో కదలికను ఆపేస్తుంది, దాంతో దిక్కు కూడా పోతుంది. ఆ ఎర్ర గీత బయటికి వెళుతోందా, లోపలికి వస్తోందా? చూసేవాడికి తెలియదు, నీకు తెలుసు. సబ్బు ఎక్కడ తాకింది, ఫొటో దానికి ఎంతసేపటి తర్వాతది, రంగు ఎటు పోతోంది, ఈ మూడూ రాస్తే చాలు. అందుకే ఒక్క ఫొటో కంటే వరసగా తీసిన నాలుగు ఫొటోలు వ్యాసానికి ఎక్కువ పనికొస్తాయి, వాటిలో ఒకటి కొంచెం అందం తక్కువైనా సరే.

తీయడం గురించి కూడా రెండు మాటలు. మొదటి సెకనులో రంగులు చాలా వేగంగా వెళతాయి, చిన్న వాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ ఆ వేగాన్ని ఇంకా పెంచి చూపిస్తుంది, అందుకే నీ మొదటి ఫొటోలో అంచులు అలుక్కుపోయాయి. ఫ్లాష్ వాడి దాని పవర్ పూర్తి శక్తిలో 1/32వ వంతుకి తగ్గించు. చాలా స్పీడ్‌లైట్లలో, అంటే కెమెరాకి విడిగా తగిలించే ఫ్లాష్‌లలో, అప్పుడు మెరుపు సెకనులో పదివేలవ వంతు కూడా ఉండదు, కదలిక అక్కడే ఆగిపోతుంది. తగ్గిన వెలుతురు కోసం ఫ్లాష్‌ను పళ్లేనికి దగ్గరగా, పక్కనుంచి పెట్టు, పైనుంచి పెడితే పాలలో దాని ప్రతిబింబమే పడుతుంది. కెమెరా సెన్సార్ పాల మట్టానికి సమాంతరంగా ఉండాలి, లేకపోతే అంత దగ్గరలో సగం ఫ్రేమే ఫోకస్‌లోకి వస్తుంది. ఇక ఫ్లాష్ లేకుండా ఆటో మీద తీశావంటే తెల్లటి పాలు బూడిద రంగులోకి వస్తాయి, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు అయ్యేలా, పెంచుకో. (ఆల్కహాల్‌తో చేయాలనిపిస్తే చెయ్యి, దాని తలతన్యత 22 దగ్గరే కాబట్టి నీటి మీద చాలా బాగా పనిచేస్తుంది, కానీ వేడెక్కే లైట్లు దగ్గర పెట్టకు.)

అన్నిటికంటే ముఖ్యం పళ్లెం శుభ్రం. కడిగాక మిగిలిన సబ్బు పొర, వేలి జిడ్డు, ఏదైనా చాలు ఫలితం మారిపోవడానికి. ఆగ్నెస్ పాకెల్స్ అనే జర్మన్ మహిళ యూనివర్సిటీ చదువు లేకుండానే, ఇంట్లో ఒక రేకు తొట్టి పెట్టుకుని, నీటి మీది మలినం దాని పట్టును ఎలా మారుస్తుందో కొలిచింది. ఆమె బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి రాసిన ఉత్తరాన్ని ఆయన పంపిస్తే 1891లో 'నేచర్' పత్రిక అచ్చువేసింది. నువ్వు ఇంట్లో చేస్తున్న పనికి ఈమె కంటే దగ్గరివాళ్లు ఎవరున్నారు? నీ వ్యాసంలో ఆమె లేదు, ఇటలీ భౌతిక శాస్త్రవేత్త మరంగోని జీవిత చరిత్ర మాత్రం ఒక పేరా ఉంది. ఆయనకి ఒక వాక్యం చాలు: వైన్ గ్లాసు గోడల మీద చుక్కలు ఎందుకు కారతాయో 1855లోనే జేమ్స్ థామ్సన్ చెప్పాడు, పదేళ్ల తర్వాత రాసిన కార్లో మరంగోని పేరు, తలతన్యత తేడా వల్ల ద్రవం కదిలే ఈ ప్రభావానికి స్థిరపడింది. అంతే, ముందుకెళ్లు.

రంగులు ఎడిటింగ్‌లో పెంచావు కదా, ఆ సంగతి ఫొటో కింద రాసెయ్యి. ఎవరూ ఏమీ అనుకోరు.

రెండో ఫొటో ఒరిజినల్ ఫైల్ క్రాప్ చేయకుండా పంపు. ఎడమ అంచు దగ్గర ఒక పచ్చ గీత వెనక్కి తిరిగినట్టుంది. పైపొరలో బయటికి వెళ్లిన పాలు గోడ తగిలి కిందికి దిగి, అడుగునుంచి మళ్లీ మధ్యకి వస్తాయి, ఆ మలుపే అక్కడ దొరికిందేమోనని నా అనుమానం. అదే అయితే మొదటి రెండు పేరాలు కొట్టేసి వ్యాసాన్ని అక్కడినుంచే మొదలుపెట్టు.

ఉంటాను,
అన్నయ్య