నాయనమ్మ పెట్టెలో జర్మనీ కార్డు

ప్రశ్న: మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతల్లో పాత వాలెంటైన్ కార్డు ఒకటి దొరికింది. తాతగారు పెళ్లికి ముందు రంగూన్‌లో పనిచేశారు. కార్డు అంచంతా లేసులా చిల్లులు. మధ్యలో ఆడమనిషి చెయ్యి, మణికట్టు వరకే. ఆ చేతిలో చిన్న నీలం పూలు. పైన రెండు పావురాలు, వెనకాల దూరంగా చర్చి. అట్ట విప్పితే ఎర్ర కాగితం తేనెపట్టులా తెరుచుకుంటుంది. వెనక ‘ప్రింటెడ్ ఇన్ జర్మనీ’ అని ఉంది. తెగిన చెయ్యి అపశకునం, పారేయమంటున్నారు ఇంట్లో. దీని అర్థం ఏమిటండీ?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: పారేయకమ్మా! అది తెగిన చెయ్యి కాదు, పెళ్లి మాట. ఇంగ్లిషువాళ్లు పిల్లనిమ్మని అడగడాన్ని ‘చెయ్యి అడగడం’ అంటారు. మనం పాణిగ్రహణం అనడం లేదూ, అదే. వెనకాల చర్చి కూడా ఉందంటే ఇది సరదా కబురు కాదు, పెళ్లి ఉద్దేశంతో చెప్పిన మాట. ఆ నీలం పూల పేరే వాళ్ల భాషలో ‘నన్ను మరిచిపోకు’. పావురాలు రోమన్ల ప్రేమదేవత వీనస్ పక్షులు. ఆవిడ కొడుకు క్యూపిడ్ విల్లు పట్టుకుంటాడు. మన మన్మథుడికి చిలక వాహనం, చెరకు విల్లు, అయిదు పూల బాణాలు.

నేను విజయనగరంలో నలభై ఏళ్లు శుభలేఖలు అచ్చేసినవాణ్ని. వినాయకుడి బ్లాకు, అరటిచెట్ల బ్లాకు, కలశం బ్లాకు కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చుయంత్రం మీద వేలసార్లు దింపాను. నాలుగు మూలలా పసుపు పెడితే చదవడం రానివాళ్లకి కూడా కబురు అందేది. ఈ కార్డులూ అంతే. నోటితో చెప్పలేని మాటను బొమ్మ చెబుతుంది.

నాకు మనసు లాగేది ఆ లేసు. కాగితాన్ని డై, అంటే బొమ్మ చెక్కిన లోహపు అచ్చు మీద గట్టిగా నొక్కితే పూలూ తీగలూ ఉబ్బుతాయి. తొలిరోజుల్లో ఆ ఉబ్బెత్తు భాగాన్ని ఆకురాయితో అరగదీసి చిల్లులు తెప్పించేవారు. కొంచెం ఎక్కువ రుద్దితే చిరుగు, తక్కువైతే చిల్లు పడదు. ఎంబోసింగ్, అంటే ఈ ఉబ్బెత్తు అచ్చు పని చేసిన చేతులకే ఆ కష్టం తెలుస్తుంది. 1840ల చివర్లో అమెరికాలోని వూస్టర్‌లో ఎస్తర్ హౌలండ్ అనే అమ్మాయి ఇలాంటి కార్డుల తయారీ మొదలుపెట్టింది. తెల్ల లేసు కింద రంగు కాగితం ముక్క అతికించేది, పనితనం ఎత్తి కనబడేలా. వెనక ఎర్రటి ‘హెచ్’ అక్షరం ఆవిడ గుర్తు. ఎంత ముచ్చటైన ఆలోచనో!

మీది అంత పాతది కాదు. జర్మనీ అచ్చు, తేనెపట్టు కాగితం చూస్తే 20వ శతాబ్దం తొలి దశాబ్దాలది అనిపిస్తోంది.

లామినేషన్ మాత్రం చేయించకండి, ఆ వేడికి తేనెపట్టు అణిగిపోతుంది. సెల్లోటేపు అస్సలు వద్దు, కొన్నేళ్లకి పసుపు మరక పడుతుంది. మాటిమాటికీ విప్పకండి, మడతల దగ్గర చిరుగుతుంది. మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, చెమ్మ తగలని అరలో పెట్టండి.

ఒకసారి కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో కార్డు వెనక చూడండి, మాసిపోయిన పెన్సిల్ రాత ఉండొచ్చు. పేరు కనబడకపోతే బెంగపడకండి. వాలెంటైన్ కార్డు మీద సంతకం చెయ్యకపోవడం అక్కడి రివాజే.